సమ్మతి పట్టిక

ప్రజాస్వామ్యమనగానే మన కళ్ళ ముందు మెదలేవి ఎన్నికల ఊరేగింపులు, శాసనసభలోని వాగ్వివాదాలు, పత్రికల మొదటి పుటలు. కాని మనిషి పుట్టుకను నమోదు చేసే ఏర్పాటు, ఇంటి పన్ను లెక్క, బీదవానికి ఆసుపత్రిలో పడక, ఇవన్నీ నిర్ణయమయ్యే చోటు వేరొకటి ఉన్నది. అక్కడ చప్పట్లుండవు. అంశాల వరుస సంఖ్యలుంటాయి, "తీర్మానించడమైనది" అనే మాట ఉంటుంది. అటువంటి ఒక సభను గురించి మన కళాశాల సంచికలో నాలుగు మాటలు వ్రాయవలెనని మా సంకల్పం.

ఈ కళాశాల విడిచి, బ్రతుకుతెరువు కొరకు మేము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేరి చాలా ఏండ్లయినది. ఆ రాష్ట్రంలో 58 కౌంటీలున్నవి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. ఒక్క శాన్ ఫ్రాన్సిస్కో తప్ప, అన్నిటినీ ఐదుగురు సభ్యుల బోర్డు పాలిస్తుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం కోటి మందికి పైగా ఉన్న లాస్ ఏంజిలెస్ కౌంటీకి సైతం ఐదుగురే. ఆ సంఖ్యను తొమ్మిదికి పెంచవలెనని 2024లో అక్కడి ఓటర్లు తీర్పు చెప్పినారు గాని, అది అమలులోకి రావడానికి ఇంకా వ్యవధి ఉన్నది. మన జిల్లా పరిషత్తును, కలెక్టరు కచేరీని ఒకటిగా కలిపితే ఎట్లుంటుందో ఈ బోర్డు అట్లుంటుంది. చెరసాల, ప్రజారోగ్యం, ఎన్నికల నిర్వహణ, హోటళ్ళ వంటగదుల తనిఖీ, దిక్కులేని వారి పోషణ, అన్నీ కౌంటీ బాధ్యతలే.

బోర్డు సమావేశం చూడబోయిన వారికి మొదట కలిగేది విసుగు. వంద అంశాల ఎజెండాలో అరవై, డెబ్బై అంశాలు ఒకే శీర్షిక క్రింద ఉంటవి. దానిని కన్సెంట్ క్యాలెండర్ అంటారు, మనం సమ్మతి పట్టిక అనవచ్చును. గత సమావేశపు నివేదిక, వంతెన మరమ్మతు, మందుల కొనుగోలు, కాంట్రాక్టుల పొడిగింపు వంటి నిత్యకృత్యాలు అందులో ఉంటవి. వాటిపై చర్చ ఉండదు. ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, ఒక్క ఓటుతో అన్నీ ఆమోదం పొందుతవి. సభ్యుడెవరైనా కోరితే మాత్రం ఒక అంశాన్ని ఆ పట్టిక నుండి వేరుచేసి విడిగా చర్చిస్తారు.

మేము ఆ సభకు పోయినది వినోదానికి కాదు. డెబ్బై ఏండ్లు దాటిన మా అమ్మ మా వద్దకు వచ్చి ఉండగా, ఒకనాడు ఆమెను కౌంటీ ఆసుపత్రికి తీసుకొని పోవలసి వచ్చినది. ఆమె కాగితంలో "భాష" అన్న గడిలో ఉర్దూ అని వ్రాసినారు. టెలిఫోనులో దుబాసీని పిలిచినారు. ఆయన మర్యాదస్థుడు, మంచి కితాబీ ఉర్దూ మాట్లాడినాడు. మా అమ్మది దక్కనీ. "సీనే మే కైసాకి హోరా" అన్నది. గుండెలో అదోలా ఉన్నదని ఆమె భావం. దూరదేశపు ఆ దుబాసీకి అది ప్రశ్నగా తోచినది. ఇది ఎట్లా జరుగుతున్నదని రోగి అడుగుతున్నారని డాక్టరుకు చెప్పినాడు. మేము పక్కనుండి సరిదిద్దినాము గనుక ఆపద తప్పినది. పక్కన ఎవరూ లేని వారి సంగతేమి?

ఇరుగుపొరుగు అమ్మలక్కలతో అరవై ఏండ్లు తెలుగులోనే సుఖదుఃఖాలు చెప్పుకున్న మనిషి మా అమ్మ. తెలుగు దుబాసీ దొరికినా ఆమె బాధ డాక్టరుకు చేరేది. కాని కాగితంలో ఉన్నది ఒక్క గడి. రెండు భాషలతో బ్రతికే ఇండ్లున్నవని ఆ కాగితం తయారుచేసిన వారికి తట్టలేదు.

కొన్ని నెలలకు బోర్డు ఎజెండా చదువుతుండగా, సమ్మతి పట్టికలో ఆసుపత్రి దుబాసీల కాంట్రాక్టు పొడిగింపు కనబడినది. 1953 నాటి బ్రౌన్ చట్టాన్ని అనుసరించి అక్కడ మామూలు సమావేశపు ఎజెండాను 72 గంటల ముందే ప్రజలకు తెలియజేయవలెను. అందులో లేని విషయాన్ని పౌరుడు ప్రస్తావించవచ్చును గాని, దానిపై సభ్యులు అప్పటికప్పుడు నిర్ణయం చేయరాదు. అందుచేత ఎజెండాలోని అంశం మీద మాట్లాడిన మాటకే బలమెక్కువ. మా ప్రాంతపు సభ్యురాలికి ముందుగా ఉత్తరం వ్రాసి, ఆనాడు సెలవు పెట్టి పోయినాము. ఆమె ఆ అంశాన్ని వేరుచేయించినది.

మూడు గంటలు వేచిన పిదప మాకు దొరికినది రెండు నిమిషాలు. కాంట్రాక్టును ఆపమని మేము అడుగలేదు. ఆపితే ఉన్న దుబాసీలు కూడా పోతారు. రోగిని "మీకు ఇంకే భాష వచ్చును?" అని అడిగి, ఆ జవాబుకు కాగితంలో ఒక గడి ఉంచుమని మాత్రమే కోరినాము. సభ్యురాలు ఆసుపత్రి అధికారిని ఒక ప్రశ్న అడిగినది. పరిశీలించి నివేదిస్తామని ఆయన అన్నాడు. ఐదు ఓట్లతో కాంట్రాక్టు ఆమోదమైనది. మా పని అయినదో లేదో తెలియకనే ఇల్లు చేరినాము.

తరువాత ఎన్నో వారాలకు ఆ నివేదిక అదే సమ్మతి పట్టికలో వచ్చినది. రెండవ భాషకు కాగితంలో చోటు కల్పిస్తున్నట్లు అందులో ఒక వాక్యమున్నది. దానిని ఎవరూ పైకి చదువలేదు. తక్కిన అంశాలతో పాటు అర నిమిషంలో ఆమోదమైనది. అప్పటికి మా అమ్మ స్వదేశం వెళ్ళిపోయినది. ఆ గడి ఆమెకు ఉపయోగపడలేదు. తరువాత వచ్చే మరొక తల్లికి ఉపయోగపడుతుంది.

ఇది అమెరికా గొప్పను చెప్పడానికి వ్రాయలేదు. అక్కడ కూడా ఆ సభలో కుర్చీలు తరచు ఖాళీయే. మన దేశంలో ఇటువంటి సభలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ 1959లోనే వచ్చినది. 1994 నాటి చట్టం జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలను ఏర్పరచినది. మైనారిటీ వర్గాల నుండి జిల్లా పరిషత్తుకు ఇద్దరిని, మండల పరిషత్తుకు ఒకరిని సభ్యులుగా చేర్చుకొనే ఏర్పాటు కూడా చేసినది. ఆ సభ్యులెవరో మన విద్యార్థులలో ఎందరికి తెలియును? గత సమావేశంలో ఉర్దూ పాఠశాల గురించి గాని, ఆసుపత్రి గురించి గాని ఏమి తీర్మానించినారో ఎవరైనా అడిగినారా?

విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఉర్దూ, తెలుగు రెండూ చదువగల వారు మీరు. మీ వాడలో అర్జీ వ్రాయలేని వారికి, తీర్మానం చదువలేని వారికి ఆ రెండు భాషలు కావలసి ఉన్నవి. సెలవులలో ఒక్క సమావేశపు కాగితాలు సంపాదించి, చివరి అంశం వరకు చదవండి. విసుగనిపించే అంశం కనబడితే దానిని దాటిపోక, అది ఎవరి ఇంటికి సంబంధించినదో విచారించండి.