గుయ్‌మనే మోత

మొదట ఫ్రిజ్ అనుకున్నాను. ప్లగ్ పీకేసినా మోత ఆగలేదు. తర్వాత లిఫ్ట్ మోటారు అనుకున్నాను, ఆ తర్వాత పైఫ్లాట్ వాళ్ల ఇన్వర్టరు. ఏదీ కాదని తేలాక ఒక డిసెంబరు రాత్రి స్వెటరేసుకుని కిందికి దిగి, కాంపౌండ్ గోడ వెంబడి నడిచాను. గోడ అవతల కొత్త కమర్షియల్ కాంప్లెక్సు వాళ్ల ట్రాన్స్‌ఫార్మరు. మా పడకగది కిటికీ సరిగ్గా దాని ఎదురుగా ఉంది.

దాన్ని వానాకాలంలోనే బిగించారట. అన్నాళ్లూ మా సీలింగ్ ఫ్యాన్ హోరులో అది కలిసిపోయింది. నిజాంపేటలో చలి మొదలై ఫ్యాన్ ఆపేసరికి బయటపడింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు లోపలి ఇనప రేకులు ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు కంటికి కనపడనంతగా సాగి ముడుచుకుంటాయి కాబట్టి మోత 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. హెచ్చూ తగ్గూ లేని ఒకే శ్రుతి, ఇరవై నాలుగ్గంటలూ.

మా ఆయనకి వినబడేది కాదా అంటే, వినబడేది. "వినండి" అంటే ఊపిరి బిగబట్టి, "అవును, ఏదో ఉంది" అనేవారు. రెండు నిమిషాల్లో గురక. ఆ గురక ట్రాన్స్‌ఫార్మరు కంటే చాలా పెద్దది, పెళ్లయినప్పటి నుంచీ వింటున్నాను, దానివల్ల నా నిద్ర ఎన్నడూ చెడలేదు.

ఈ మోతతో మాత్రం నా నిద్ర పోయింది. మంచం ఎక్కగానే చెవి దాన్ని వెతికేది. పంటి సందున ఇరుక్కున్న పీచు దగ్గరికి నాలుక పోయినట్టే, వద్దనుకున్నకొద్దీ ధ్యాస అటే పోయేది. ఆఫీసులో లెక్కలు తప్పడం మొదలైంది. పిల్ల టీవీ పెడితే అరిచేదాన్ని, ఆపేస్తే ఆ మోత వినబడి మళ్లీ పెట్టమనేదాన్ని. చెవుల్లో దూది పెట్టుకున్నాను, మందులషాపులో అమ్మే ఇయర్ ప్లగ్గులు పెట్టుకున్నాను. ఇంకా అధ్వాన్నం. గోడలూ తలుపులూ ప్లగ్గులూ పై శ్రుతుల్ని బాగా ఆపుతాయి, మంద్రం మాత్రం దూరి వచ్చేస్తుంది. కుక్కల అరుపులూ ఆటోల రొదా తగ్గిపోయి అదొక్కటే మిగిలింది.

ఈఎన్‌టీ డాక్టరు పరీక్ష చేయించి, "మీ చెవులు బాగున్నాయమ్మా, కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఆ పరీక్ష గ్రాఫు 250 హెర్ట్జ్ దగ్గర మొదలైంది. నా బాధ 100 దగ్గర. గ్రాఫులో దానికి చోటే లేదు.

ఫిర్యాదు పెడితే మీటరు పట్టుకుని ఒకాయన వచ్చారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. మీటరు 38 చూపించింది. అడిగితే ఇంకో మీట నొక్కారు, 55 అయింది. మొదటిది 'ఏ' కొలత, రెండోది 'సి'. మనిషి చెవి మంద్ర శ్రుతులకి మొద్దు అని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే చూపించారు. 'ఏ' కొలత ఆ మొద్దుతనాన్ని అనుకరిస్తుంది, 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డెసిబెల్స్ కోసేస్తుంది. "రూల్లో ఉన్నది ఏ యే మేడం" అన్నారాయన. ఆయన తప్పేం లేదు. కానీ మంద్ర శ్రుతి ఒకసారి వినబడే గీత దాటిందంటే, అక్కణ్ణుంచి కొంచెం పెరిగినా చాలా పెరిగినట్టు తోస్తుంది. ఆ సంగతి 38 అనే అంకెలో కనిపించదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు ఆగింది, కాంప్లెక్సు వాళ్ల జనరేటరు మొదలైంది. కిటికీ అద్దాలు అదిరేంత చప్పుడు. నేను హాయిగా నిద్రపోయాను! పొద్దున లేచి నాకే ఆశ్చర్యం వేసింది. కరెంటొస్తే అది ఆగిపోతుందని తెలుసు, అందుకని చెవి దానికి కాపలా కాయలేదు. గ్లాస్, సింగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1972లో వేసిన పుస్తకంలో ఇలాంటి ప్రయోగమే ఉంది. కొందరికి భరించలేని చప్పుడు వినిపిస్తూ, కావాలంటే ఆపుకోవడానికి ఒక మీట ఇచ్చారు. చాలామంది నొక్కలేదు. అయినా మీట లేనివాళ్ల కంటే తర్వాతి పని బాగా చేశారు.

నాకు మీట లేదు కాబట్టి మంచం జరిపాను. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, ఇంచుమించు మా గదంత. గోడ పక్కన మోత బలంగా ఉంటుంది, గోడకి మూడడుగులు ఇవతల బాగా తగ్గుతుంది. అర్ధరాత్రి గదంతా అటూ ఇటూ తిరిగి ఆ చోటు పట్టుకున్నాను. తలగడ ఇప్పుడు అక్కడే. వచ్చిన చుట్టాలు గది మధ్యలో మంచమేంటని అడుగుతారు, వాస్తు అని చెప్తాను.

కాంప్లెక్సు ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు మంచివాడు. కుర్రాడు. నాతో వచ్చి మా గదిలో నిలబడి, "అవును మేడం, వస్తోంది" అన్నాడు. ఇంతకాలానికి ఒకరు అన్న ఆ మాటకే సగం కోపం దిగిపోయింది. తన నంబరిచ్చాడు. ఒక ఆదివారం సప్లై ఆపి, కింద రబ్బరు ప్యాడ్లు వేయించి బోల్టులు బిగించాడు. తర్వాత అతని ఫోన్లో చూస్తే మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గింది, అంతే. నాకు మాత్రం చాలా తగ్గినట్టుంది. కావాలని వింటే ఇప్పటికీ ఉంది, వినని రోజులే ఎక్కువ.

చిక్కల్లా మా ఆయనతో. అన్నాళ్లు "వినండి, వినండి" అని వెంటపడ్డాను కదా, మొన్న రాత్రి ఒంటిగంటకి నన్ను తట్టి లేపి, "ఏమోయ్, ఇవాళ ఎక్కువగా లేదూ?" అన్నారు.