లింకన్ హైవే మీద మూడు మజిలీలు

పిట్స్‌బర్గ్ వెంకన్నను దర్శించని తెలుగు కుటుంబం ఈ తూర్పు తీరంలో అరుదు. 1977లో కుంభాభిషేకం జరిగిన నాటినుంచీ పెన్ హిల్స్ కొండ మీది ఆ తెల్లని గోపురం మనకి సగం తిరుపతి. టర్న్‌పైకు ఎక్కడం, దర్శనం, కింద క్యాంటీనులో పులిహోర, పెరుగన్నం, మళ్ళీ టర్న్‌పైకు. అందరి యాత్రా ఇంతే. పాతికేళ్ళుగా మాదీ అంతే. ఈసారి మెమోరియల్ డే సెలవులకి వెళ్ళినప్పుడు మాత్రం తిరుగు ప్రయాణంలో టర్న్‌పైకు వదిలి 30వ నంబరు రోడ్డు పట్టాం. దాన్నే లింకన్ హైవే అంటారు. ఆ దారిలో చూసినవీ విన్నవీ మన సభ్యులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఒక వ్యానులో రెండు కుటుంబాలం. మేమూ, మా పిల్లలిద్దరూ, మా వరంగల్ మిత్ర దంపతులూ, నెల్లూరు నుంచి వచ్చిన నాయనమ్మ. ఆవిడ మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. పిల్లల పుణ్యమా అని అందరికీ నాయనమ్మే. ఎనభై దాటిన మనిషి. లడ్డు ప్రసాదం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో ఒక స్మారకమూ, మర్నాడు ఒక శ్మశానమూ చూడబోతున్నామని తెలిసేసరికి ఆవిడకి కోపం వచ్చింది. "దేవుడి ప్రసాదం పెట్టుకుని శ్మశానానికి పోతార్రా ఎవరైనా?" అంది. ప్రసాదం వ్యానులోనే ఉంచేటట్టు రాజీ కుదిరింది.

లిగొనియర్ దాటాక రోడ్డు కొండలెక్కుతుంది. స్టాయిస్‌టౌన్ తరవాత కొద్ది మైళ్ళకి 93వ ఫ్లైట్ జాతీయ స్మారకం. 2001 సెప్టెంబరు 11 ఉదయం న్యూవార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఆ విమానాన్ని నలుగురు హైజాకర్లు వాషింగ్టన్ వైపు మళ్ళించారు. న్యూయార్క్‌లో ఏం జరిగిందో ఫోన్ల మీద తెలుసుకున్న ప్రయాణికులు ఎదురు తిరిగారు. 10 గంటల 3 నిమిషాలకి విమానం ఇక్కడ, ఒక పాత బొగ్గు గని నేల మీద కూలింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 40 మంది పోయారు. న్యూవార్క్ అంటే మనం ఇండియా విమానం ఎక్కే ఊరే. ఆ మాట తట్టగానే వ్యానులో కబుర్లు ఆగిపోయాయి.

లోపలికి వెళ్తూనే 93 అడుగుల గోపురం ఉంది. అందులో 40 గాలిగంటలు, ఒక్కొక్కరికి ఒకటి. కింద, విమానం వచ్చిన దారి వెంబడి తెల్లని పాలరాతి గోడ, దాని మీద పేర్లు. పడినచోట ఒక పెద్ద బండరాయి. అక్కడికి పోయినవారి బంధువులకే ప్రవేశం.

మా అమ్మాయి పేర్లు చదువుతూ ఒకచోట ఆగింది. టోషియా కూగే. "ఈయన అమెరికనేనా?" అని అడిగింది. కాదు, జపాను నుంచి వచ్చిన విద్యార్థి. ఇరవై ఏళ్ళవాడు. క్రిస్టియన్ ఆడమ్స్ అనే జర్మన్ దేశస్థుడి పేరు కూడా ఆ గోడ మీద ఉంది. ఇద్దరికీ ఈ దేశపు పౌరసత్వం లేదు. గోడ దగ్గర ఆ తేడా ఎవరూ చూపలేదు.

"మరి అప్పుడు మీరేం చేశారు?" అంది అమ్మాయి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

అప్పటికి మేము వచ్చి మూడేళ్ళు. వీసా మీద ఉన్నవాళ్ళం. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఏడ్చాం. అది నిజం. నాలుగు రోజులకి, సెప్టెంబరు 15న, అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు తన పెట్రోలు బంకు ముందు పూలమొక్కలు నాటిస్తూ ఉండగా ఒకడు కాల్చి చంపాడు. తలపాగా, గడ్డం చూసి శత్రువనుకున్నాడు. ఆ వార్త విన్న మర్నాడు మేము జెండా కొనడానికి బయల్దేరాం. మొదటి రెండు దుకాణాల్లో జెండాలు అయిపోయాయి. మూడోచోట దొరికింది. ఇంటి ముందు కట్టాం. దుఃఖంతో కట్టామా, భయంతో కట్టామా అని ఆనాడు మేము ఒకరినొకరం అడగలేదు. ఇన్నాళ్ళకి పిల్లల ముందు ఒప్పుకున్నాం: రెండూ ఉన్నాయి, ఏది ఎంతో తెలియదు.

అబ్బాయి ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రం, "నేనైతే భయంతో కట్టను" అంది. ఇక్కడ పుట్టిన పిల్ల. ఆ మాట విని సంతోషించాం, కొంచెం బెంగ కూడా పడ్డాం.

ఆ రాత్రి ఛేంబర్స్‌బర్గ్‌లో మోటెలు. ఇది 1864 జూలై 30న దక్షిణాది సైన్యం తగలబెట్టిన ఊరు. గదిలో పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చున్నాక నాయనమ్మ తనంతట తానే మొదలుపెట్టింది.

"నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లో ఒకరోజు పొయ్యి వెలిగించలేదు" అంది.

1952 డిసెంబరు. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో అక్టోబరు 19న నిరాహారదీక్షకి కూర్చున్న పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల తరవాత, డిసెంబరు 15 రాత్రి పోయారు. మర్నాడు కబురు నెల్లూరంతా పాకింది. ఎన్నో ఊళ్ళలో రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి. నాయనమ్మకి అవేమీ తెలియవు. నాన్న వాకిట్లో అరుగు మీద కూర్చుని లోపలికి రాకపోవడం, అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళకపోవడం మాత్రం గుర్తు.

"ఎవరు పోయారు నాన్నా అని అడిగా. మనవాళ్ళే అన్నాడు. మనకేమవుతాడు అంటే మాత్రం చెప్పలేకపోయాడు."

ఇంట్లో మనిషి పోతేనే కదా మనం పొయ్యి వెలిగించం. ఎన్నడూ చూడని మనిషి కోసం ఎన్నో ఇళ్ళలో ఆ పూట పొయ్యి వెలగలేదు. డిసెంబరు 19న నెహ్రూ గారు ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాష్ట్రానికి హద్దులు గీసింది ప్రభుత్వమే. మేమంతా ఒకటి అన్న భావం మాత్రం ఆ చల్లారిన పొయ్యిల దగ్గర అంతకుముందే గట్టిపడింది.

మా వరంగల్ మిత్రుడు అంతా విని నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, మా ఇంట్ల గూడ పొయ్యి ముట్టియ్యలేదంట. 1969ల. మా పెదనాయిన దోస్తు కాల్పులల్ల పోయిండు. మా అవ్వ చెప్పేది. మీ నాయినకు శ్రీరాములు గారు మనవాడు. మాకు ఆయన పరీక్షల ఒక ప్రశ్న."

ఇరవై ఏళ్ళ స్నేహంలో ఈ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. మేము చదివిన పాఠాల్లో 1956 నవంబరు 1 ఉంది. 1969 లేదు. గన్‌పార్కులోని అమరవీరుల స్తూపం పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్ళాం, ఎవరిదని అడగలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు ఈ దంపతులు మా ఇంటికి మిఠాయి తెచ్చారు. తీసుకుని ఫ్రిజ్జులో పెట్టాం. వారంపాటు అది అలాగే ఉంది. ఆ సంగతి వాళ్ళకి ఆ రాత్రే చెప్పాం. ఆవిడ నవ్వి, "మాకు తెలుసు వదినా, మీ మొహాలు చూసినప్పుడే" అంది.

భాష ఒకటే, రాష్ట్రం కూడా 58 ఏళ్ళు ఒకటే. కానీ వాళ్ళు ఏడ్చిన రోజున మేము ఏడవలేదు, మేము ఏడ్చిన రోజున వాళ్ళు ఏడవలేదు. 1882లో ఎర్నెస్ట్ రెనాన్ అనే ఫ్రెంచి పండితుడు పారిస్‌లో జాతి అంటే ఏమిటని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. భాష, మతం, భూమి ఇవేవీ చాలవన్నాడు. కలిసి గెలిచినదానికన్నా కలిసి పడిన బాధ మనుషుల్ని ఎక్కువగా కలుపుతుందన్నాడు. జాతి నిలవాలంటే కొన్ని మరిచిపోక తప్పదని కూడా అన్నాడు. ఎవరు ఎవరి బాధను మరిచిపోవాలన్నది అసలు చిక్కు. ఆ చిక్కు మర్నాడు గెటిస్‌బర్గ్‌లో కళ్ళారా చూశాం.

1863 జూలై 1 నుంచి 3 వరకు మూడు రోజుల యుద్ధం. చనిపోయిన, గాయపడిన, పట్టుబడిన, గల్లంతైన వారు రెండు పక్షాల్లో కలిపి సుమారు 51,000. ఊళ్ళో జనం అప్పటికి 2,400 మంది. ఆ నవంబరు 19న శ్మశానాన్ని అంకితం చేస్తూ ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడాడు, తరవాత లింకన్ రెండు నిమిషాలు. ఎవరెట్ మాటలు ఎవరికీ గుర్తులేవు. దేశాన్ని ఒక శోకసభలో నిలబెట్టి, ఈ చావులకి అర్థం బతికున్నవాళ్ళే ఇవ్వాలని చెప్పిన లింకన్ మాటలు ఇక్కడి బడి పిల్లలకి నోటికి వచ్చు.

అయితే ఆ శ్మశానం ఉత్తరాది సైనికులకే. దక్షిణాది వారు పొలాల్లో లోతులేని గోతుల్లోనే ఉండిపోయారు. 1870లలో వారి ఎముకల్ని రిచ్‌మండ్ మొదలైన ఊళ్ళకి తీసుకుపోయారు. యాభై ఏళ్ళకి, 1913లో, రెండు పక్షాల ముసలి సైనికులు 50,000 మందికి పైగా ఇక్కడే కలుసుకున్నారు. ఒకనాడు ఒకరినొకరు చంపుకున్న రాతిగోడకి అటూ ఇటూ నిలబడి చేతులు కలిపారు. ఆ ఫొటో చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. అధ్యక్షుడు విల్సన్ వచ్చి పాత తగవు మరిచిపోయామన్నాడు. అదే ఏడు ఆయన ప్రభుత్వపు కార్యాలయాల్లో నల్లవారిని విడిగా కూర్చోబెట్టడం మొదలైంది. ఏ బానిసత్వం వల్ల యుద్ధం వచ్చిందో దాని ఊసు ఆ కౌగిలింతల్లో లేదు.

ఊళ్ళోనే లింకన్ సెమెటరీ అని ఇంకొకటి ఉంది. ఆ యుద్ధకాలంలో పోరాడిన నల్లజాతి సైనికులు సుమారు 30 మంది అక్కడ ఉన్నారు. పెద్ద శ్మశానానికి ఉత్తరాది సైనికుల శవాల్ని తవ్వి చేర్చినది బేసిల్ బిగ్స్ అనే నల్లజాతి రైతు, అతని మనుషులూ. దేశానికి పవిత్రమైన నేలను సిద్ధం చేసినవాళ్ళు ఆ దేశపు దుఃఖంలో పక్కన నిలబడవలసి వచ్చింది. మనకి ఈ సంగతి బొత్తిగా పరాయిది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చినవాడు నా దేశం నుంచి పొమ్మని అరిచాడని సాక్షులు చెప్పారు. వాడిదీ ఒక దేశభావమే. ఆ రాత్రి మన ఇళ్ళలో చాలామంది సరిగ్గా భోజనం చేయలేదు. హంతకుణ్ణి ఆపబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్‌కి మన భాష రాదు, మన ఊళ్ళు తెలియవు. మనవాళ్ళే అనుకోబట్టే లేచాడు.

రాతిగోడ దగ్గర మా మిత్రుడు చుట్టూ చూసి, "వీళ్ళకు యాభై ఏండ్లు పట్టింది. మనం ఒక్క వ్యాన్లనే వచ్చినం గద, నయమే" అన్నాడు.

మనకి మెమోరియల్ డే అంటే లాంగ్ వీకెండు, సేలు, పిక్నిక్కు. గెటిస్‌బర్గ్‌లో ఆ రోజు బడి పిల్లలు ఊరేగింపుగా వచ్చి సమాధుల మీద పూలు చల్లుతారు. ఆ శ్మశానంలో యుద్ధంలో పోయిన 3,500 మందికి పైగా ఉన్నారు. 979 మంది పేర్లు తెలియవు. వాళ్ళకి చిన్న చదరపు రాళ్ళు, వాటి మీద అంకెలు మాత్రమే. నాయనమ్మ గేటు దగ్గర నిలబడిపోయింది. లోపలికి రానంది. ఒక చిన్నపిల్ల ఆవిడని చూసి చేతిలో ఉన్న పూలలో రెండు ఇచ్చి పరుగెత్తింది. పూలు చేతికొచ్చాక ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. కాసేపాగి చెప్పులు గేటు పక్కన వదిలి లోపలికి వచ్చింది. ఒక అంకె రాయి దగ్గర వంగి పూలు పెట్టింది. "ఎవరి బిడ్డో" అంది.

2011లో మేము న్యూవార్క్‌లో పౌరసత్వ ప్రమాణం చేసినప్పుడు, పరాయి ప్రభుత్వాల పట్ల విధేయత వదులుకుంటున్నామని చేయెత్తి చెప్పాం. పాత దుఃఖాలు వదులుకోమని ఆ కాగితంలో లేదు. కొత్తవి నేర్చుకోమనీ లేదు. అవి ఇలా ఎవరో పూలు చేతిలో పెడితే వస్తాయి కాబోలు.

వెళ్ళదలచిన వారికి: పిట్స్‌బర్గ్ నుంచి 93వ ఫ్లైట్ స్మారకం గంటన్నర దారి, అక్కడినుంచి గెటిస్‌బర్గ్ రెండు గంటలకి పైన. కొండదారి, మలుపులు ఎక్కువ. వాంతులయ్యే పిల్లలుంటే తగిన ఏర్పాటుతో వెళ్ళండి. రెండుచోట్లా ప్రవేశం ఉచితం, గెటిస్‌బర్గ్ మ్యూజియానికి మాత్రం టిక్కెట్టు. లింకన్ సెమెటరీ తప్పక చూడండి.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆకలితో పిల్లలు వంటింటి వైపు పరుగెత్తారు. నాయనమ్మ గుమ్మంలో చేతులు అడ్డం పెట్టింది. శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేయకుండా పొయ్యి ముట్టుకోవడానికి వీల్లేదంది. "వాళ్ళు మనకేమవుతారు నాయనమ్మా?" అన్నాడు అబ్బాయి. ఆవిడ జవాబు చెప్పలేదు. తువ్వాళ్ళు తీసి అందరి చేతుల్లో పెట్టింది. మా వరంగల్ మిత్రులతో సహా.