గోలీ, గడియారం, సంతకం

హైదరాబాద్ శివార్లలోని ఆ బయో ఈక్వివలెన్స్ సెంటర్‌లో గోడ గడియారాలన్నీ సెకనుతో సహా ఒకే టైం చూపిస్తాయి. వాటిని రోజూ సరిచూసి లాగ్‌బుక్‌లో రాయడం కూడా ఒకరి డ్యూటీయే. నేను వెళ్లిన రోజు ఉదయం ఎనిమిదికి డోసింగ్. వాలంటీర్లు ముందురోజు సాయంత్రమే చెక్-ఇన్ అయ్యారు. పది గంటలుగా ఖాళీ కడుపు, చేతికి కాన్యులా, చొక్కా మీద నంబరు.

ఎనిమిది కాగానే మొదటి వాలంటీర్‌కు మాత్ర, 240 మిల్లీలీటర్ల నీళ్లు. రెండు నిమిషాలకు రెండో మనిషి, మరో రెండు నిమిషాలకు మూడో మనిషి. మింగాక టార్చి వేసి నోరు చూస్తారు. "అన్నా, నాలుక జర పైకెత్తు" అనే ఉద్యోగి పక్కనే ఇంకొకరు నిలబడి ఉంటారు. చూడటం, చూసినట్టు సంతకం పెట్టడం ఆయన పని.

ఇంత పట్టింపు ఎందుకంటే, జెనరిక్ మందు అసలు బ్రాండ్ మందులాగే రక్తంలోకి చేరుతోందని ఇక్కడే తేలాలి. రెంటి నిష్పత్తికి లెక్కగట్టే 90 శాతం విశ్వాస అవధి మామూలుగా 80 నుంచి 125 శాతం లోపల పడాలి. ఆ లెక్కకు ముడిసరుకు ఫ్లెబాటమిస్టులు తీసే రక్తం. డోసు పడిన మొదటి గంటల్లో శాంపిళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక మంచం దగ్గర ట్యూబు నింపి లేచేసరికి పక్క మంచం టైం అవుతుంది. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకామె ఇంతకుముందు ఆసుపత్రి ల్యాబ్‌లో చేసేది. అక్కడ నరం దొరికితే పని అయిపోయినట్టే. ఇక్కడ నరం దొరికాక గడియారం చూడాలి, కచ్చితంగా ఎప్పుడు తీసిందో రాయాలి. మూడు నిమిషాలు ఆలస్యమైతే ఆ మూడు నిమిషాలూ కాగితం మీదికి ఎక్కాలి. దాన్ని వీళ్లు డీవియేషన్ అంటారు.

రాతలో పొరపాటొస్తే వైట్‌నర్ నిషేధం. పాత అంకె కనబడేలా ఒకే గీత, పక్కన సంతకం, తేదీ, కారణం.

ఇంత జాగ్రత్తకు ఈ ఊళ్లోనే చరిత్ర ఉంది. 2014లో ఫ్రాన్స్ తనిఖీ అధికారులు జీవీకే బయోసైన్సెస్ వారి హైదరాబాద్ సెంటర్‌లో ఈసీజీ రికార్డులు తారుమారయ్యాయని తేల్చారు. మరుసటి ఏడాది యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ, ఆ సెంటర్ పరీక్షల మీద ఆధారపడిన సుమారు 700 మందుల అనుమతులు నిలిపేయమంది. వాటివల్ల హాని జరిగిందన్న ఆధారం లేదని కూడా చెప్పింది. మందు మంచిదే కావచ్చు, కాగితాన్ని నమ్మలేమన్నది అసలు సంగతి. కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్‌లో ఆ కథ చెబుతారు. ఆడిట్ రోజుల్లో ఒక గదిలో ఇన్‌స్పెక్టర్ ఫైలు అడుగుతుంటే, వెనక గదిలో దాన్ని వెతికేవాళ్లకు భోజనం గుర్తుండదు.

వాలంటీర్లతో నడిచే పని వేరు. తిన్నాక మందు ఇచ్చే ఫెడ్ స్టడీ అయితే 800 నుంచి 1,000 కేలరీల టిఫిన్ పెడతారు. అందులో సగం కొవ్వు నుంచే రావాలి. వెన్న, పనీర్, వేపుళ్లు అన్నీ అరగంటలో ఖాళీ కావాలి. ఇడ్లీతో సరిపెట్టుకునే మనిషిని బతిమాలి తినిపించడం బ్లడ్ తీయడం కంటే కష్టమని సిబ్బంది నవ్వుతారు.

కోఆర్డినేటర్ల బరువు ఇంకో రకం. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలు హైదరాబాద్‌లో తమపై జరిగిన మందుల పరీక్షల గురించి బయటపెట్టినప్పుడు, కన్సెంట్ కాగితం మీద వేలిముద్రకు అర్థమేమిటన్న ప్రశ్న లేచింది. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి సెంటర్లు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావాలి, స్టడీకి ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. మందు పేరు, దుష్ఫలితాలు, ఎంత రక్తం తీస్తారు అన్నీ తెలుగులో విడమరిచి చెప్పాలి. డబ్బెంత అన్నదొక్కటే విని సంతకానికి పెన్ను అడిగేవాళ్లను ఆపి, మళ్లీ మొదటి పేజీకి తీసుకురావడం రోజూ ఉండేదే.

అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చే ఫార్మసీ కుర్రాళ్లలో కొందరు నైట్ షిఫ్టులు పడలేక డేటా ఉద్యోగాలకు మళ్లుతారు. ఉన్నవాళ్లకు రాత్రి, డోసు పడిన పన్నెండో గంట శాంపిల్, తెల్లారి ఇరవై నాలుగో గంట శాంపిల్. ప్లాస్మా మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్తుంది, వాలంటీర్లు ఇంటికి వెళ్తారు. మందు ఒంట్లోంచి పోయే విరామం, అంటే వాష్‌అవుట్, అయ్యాక రెండో విడత డోసుకు, అంటే రెండో పీరియడ్‌కు, వాళ్లే తిరిగి రావాలి. రానంటే కారణం అడగవచ్చు గానీ బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే కోఆర్డినేటర్ టేబుల్ మీద ప్రోటోకాల్ పక్కన తెలుగు క్యాలెండర్ ఉంది. ఈసారి రెండో పీరియడ్ చెక్-ఇన్ బోనాల ఆదివారం మీద పడుతోంది. తేదీ జరపడానికి ఎవరెవరి సంతకాలు కావాలో ఆమె లెక్కపెట్టుకుంటోంది.