అత్తా ఒకనాటి కోడలే

ఆటగాడే జట్టుకు యజమాని అయితే ఇక ఆటగాళ్ళ కష్టాలు తీరినట్లే గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఎండలో పరుగెత్తినవాడు, దెబ్బలు తిన్నవాడు, జీతం కోసం ఒకరి గుమ్మంలో నిలబడినవాడు ఆయన. ఆయనకు తెలియని బాధ ఏముంటుంది?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందంటారా? మా మేనల్లుడు చికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవిలో వచ్చి, బేస్‌బాల్ చరిత్ర పుస్తకమొకటి నా బల్లమీద వదలి వెళ్ళాడు. పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తయింది గనుక తీరికగా చదివాను.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దాయాది వంటిది. జట్టుకు తొమ్మండుగురు. బంతిని కఱ్ఱతో కొట్టి, నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. ఆట సంగతి ఇంత తెలిస్తే చాలు. మన కథ ఆటది కాదు, చార్లెస్ కమిస్కీ అనే మనిషిది.

కమిస్కీ 1859లో చికాగోలో పుట్టాడు. సెయింట్ లూయీ జట్టులో మొదటి మూల కాపలాదారు, నాయకుడూ ఆయనే. 1885 నుంచి 1888 దాకా వరసగా నాలుగేళ్ళు ఆ జట్టు తన లీగులో ప్రథమ స్థానంలో నిలిచింది.

ఆ రోజుల్లో ఆటగాళ్ళ మెడకు ఒక ఉరి ఉండేది. 1879లో యజమానులు కల్పించుకొన్న కట్టుబాటు అది. దాని ప్రకారం, ఒప్పందం గడువు తీరినా ఆటగాడు మరొక జట్టుకు పోరాదు. పాత యజమాని ఇచ్చినది పుచ్చుకోవాలి, లేదా ఆట మానుకోవాలి. ఇది చాలక, నేషనల్ లీగు యజమానులు ఆటగాళ్ళను అయిదు తరగతులుగా విడదీసి, ఎంత మొనగాడికైనా జీతం 2,500 డాలర్లకు మించరాదన్నారు.

ఆటగాళ్ళు తిరగబడ్డారు. జాన్ వార్డ్ అనే ఆటగాడు న్యాయశాస్త్రం చదివినవాడు. ఆయన నాయకత్వాన 1890లో వారు సొంతంగా ఒక లీగు పెట్టుకొన్నారు. అందులో ఆ కట్టుబాటు లేదు. లాభాల్లో ఆటగాళ్ళకూ వాటా. కమిస్కీ సెయింట్ లూయీని విడిచి వచ్చి, ఆ లీగులోని చికాగో జట్టుకు నాయకత్వం వహించాడు. యజమానుల పక్షాన యుద్ధం నడిపినవాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్. ఆయన మాత్రం ఎవరు? ఒకప్పుడు బంతి విసరడంలో మేటి అనిపించుకొన్న ఆటగాడే! ఆ ఒక్క ఏడాదితోనే ఆటగాళ్ళ లీగు కుప్పకూలింది.

కమిస్కీ ఆట విరమించిన తరువాత ఒక చిన్న జట్టును కొని సెయింట్ పాల్‌లో నడిపాడు. 1900లో దానిని తన సొంత ఊరు చికాగోకు తెచ్చాడు. అదే వైట్ సాక్స్ జట్టు. 1910లో దానికి పెద్ద స్టేడియం కట్టించాడు. 1906లోను, 1917లోను ఆ జట్టు ప్రపంచ విజేత అయింది.

మరి ఆ పాత కట్టుబాటు? అది అలాగే ఉంది. కమిస్కీ ఒప్పందాల్లోనూ ఉంది. జట్టును విడిచిపోయే హక్కు ఆటగాడికి లేదు. యజమాని మాత్రం పది రోజుల నోటీసుతో ఆటగాడిని పంపివేయవచ్చు. జో జాక్సన్ ఆ కాలపు గొప్ప ఆటగాళ్ళలో ఒకడు. ఆయన జీతం ఏడాదికి 6,000 డాలర్లు.

1919 ప్రపంచ పోటీల్లో వైట్ సాక్స్ ఓడిపోయింది. జూదగాళ్ళ వద్ద డబ్బు పుచ్చుకొని ఓడారని ఎనిమిదిమంది మీద అభియోగం వచ్చింది. 1921లో కోర్టు నిర్దోషులని విడిచిపెట్టినా, బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ వారిని జీవితాంతం ఆటనుంచి బహిష్కరించాడు. కమిస్కీ పిసినారితనమే వారిని చెడగొట్టిందని చాలాకాలం చెప్పుకొన్నారు. కాని పాత లెక్కలు తిరగేసినవారికి, ఆ ఏడాది ఎక్కువ జీతాలు చెల్లించిన జట్లలో వైట్ సాక్స్ ఒకటని తేలింది. అంటే ఆయన తక్కినవారికంటె చెడ్డవాడేమీ కాదు. తక్కినవారివంటి యజమాని, అంతే.

నాకు కష్టం తోచింది అక్కడే. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకొంటాము. మా కాలేజీల్లోనూ చూస్తూనే ఉంటాము. స్టాఫ్ రూములో కూర్చున్నన్నాళ్ళు టైమ్‌టేబులు మీద విరుచుకుపడిన వారే, ప్రిన్సిపాలు గదిలోకి మారగానే దానిని కాపాడడానికి నడుము కడతారు. వారి మనసు చెడిపోయిందని కాదు. ఆ కిటికీలోనుంచి కాలేజీ వేరుగా కనబడుతుంది.

ఈ కథంతా మా ఆవిడకు చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, "ఇందులో వింతేముందండీ? అత్తా ఒకనాటి కోడలే గదా!" అన్నది. మళ్ళీ తానే, "అత్త తన కోడరికం తలచుకొని మెత్తబడుతుందని కూర్చుంటే తెల్లవారినట్లే. కోడలు వేరు కాపురం పెట్టుకోగలదని తెలిస్తే మెత్తబడుతుంది" అన్నది.

చరిత్ర ఆవిడ మాటే నిజమంటున్నది. 1969లో తనను మరొక జట్టుకు మార్పిడి చేస్తే కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు పోనన్నాడు. 1972లో సుప్రీంకోర్టు అయిదుగురు ఔననగా, ముగ్గురు కాదనగా ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. చివరకు 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఆ కట్టుబాటు ఒక్క ఏడాదికే చెల్లుతుందన్నాడు. దాదాపు నూరేళ్ళ ఉరి అలా సడలింది. సడలించినది యజమానుల జాలి కాదు. ఆటగాళ్ళ సంఘం పట్టుదల.

2017లో డెరెక్ జీటర్ అనే ప్రసిద్ధ ఆటగాడు మరికొందరితో కలిసి మయామీ జట్టును కొన్నాడు. ఆయన వాటా నూటికి నాలుగు పాళ్ళ వంతు. ఆ డిసెంబరులోనే, జట్టులోకెల్లా మేటి అయిన స్టాంటన్‌ను ఖర్చు తగ్గించడానికి వదులుకొన్నారు. కుర్చీ మహిమ మారలేదు. అయితే స్టాంటన్ తన ఒప్పందంలో ఒక హక్కు రాయించుకొని ఉన్నాడు. రెండు జట్లకు పోనని చెప్పి, తనకు నచ్చిన న్యూయార్కుకే వెళ్ళాడు.

అత్తలు ఎప్పుడూ అత్తలే. కోడలి చేతిలో మాత్రం ఒక కాగితం ఉండాలి.