పాత కారు - చల్లని గాలి

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలంటారు. రోళ్ళ మాట ఎలా వున్నా, హైదరాబాదు వేసవిలో మూసివున్న కారులో ప్రయాణించేవారి సహనం పగలడం మాత్రం నిశ్చయం. కారులో చల్లదనం విలాసమని భావించేవారు కొందరున్నారు. మా ఇంట అది విలాసం కాదు. మా నాన్నగారికి వారానికి మూడు పర్యాయాలు డయాలసిస్ జరుగుతుంది. ఆయన దాహమైనంత నీరు త్రాగరాదు. రోజుకింత అని వైద్యులు కొలిచి చెప్పారు. మే నెల మధ్యాహ్నం ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే త్రోవలో ఆయన దాహాన్ని అదుపులో వుంచేది ఆ చల్లని గాలియే.

మా కారు 1990ల తొలినాటిది. క్రొత్తది కొనే స్తోమత మాకు లేదు. గత వేసవిలో అందులో చల్లగాలి నిలిచిపోయి వేడిగాలి వీచసాగింది. ఒక షాపువారు గ్యాసు నింపారు. ఇరవై రోజులకే కథ మళ్ళీ మొదటికి వచ్చింది. మరొకరు బానెట్ ఎత్తి చూచి, కంప్రెసర్ పనిచేయడం లేదు గనుక దానిని మార్చక తప్పదని తీర్పు చెప్పారు. ఆ ఖర్చు మా నెల రాబడికి మించినది. చివరకు సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఒక వృద్ధ మెకానిక్‌ను ఆశ్రయించాము. ఆయనను అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు.

ఆయన ముందుగా ఏ భాగమూ విప్పలేదు. ఇంజను నడిపించి, ఏ.సి. మీట నొక్కించి, చెవి యొగ్గి విన్నారు. కంప్రెసర్ క్లచ్ పట్టుకొనేటప్పుడు 'టక్'మని శబ్దం రావాలి; రాలేదు. ఫ్యూజు చూచారు, బెల్టు బిగువు చూచారు. రెండూ సరిగానే వున్నాయి. కండెన్సర్‌పై దుమ్ము పేరుకున్నదా, దాని ఫ్యాను తిరుగుతున్నదా అని పరీక్షించారు. కారు పరుగెత్తేటప్పుడు చల్లగా వుండి, సిగ్నల్ వద్ద ఆగగానే వేడెక్కితే దోషం చాలావరకు ఆ ఫ్యానులోనే వుంటుందట. పిమ్మట మీటరు తగిలించి, గ్యాసు పీడనం బాగా తగ్గివున్నదని గ్రహించారు.

"సాబ్, ఇది చావలేదు. ప్రాణం కాపాడుకుంటోంది" అన్నారు నవ్వుతూ.

దాని భావం ఇది. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాసుతో కలిసి ప్రవహిస్తుంది. గ్యాసు తగ్గితే నూనె అందక కంప్రెసర్ అరిగిపోతుంది. అందుచేత పీడనం తగ్గగానే ఒక స్విచ్ క్లచ్‌కు విద్యుత్తును నిలిపివేస్తుంది. కంప్రెసర్ మౌనానికి కారణం మరణం కాదు, ఆత్మరక్షణ!

మరి గ్యాసు ఏమైనట్లు? కుండలోని నీరు ఆవిరి అవుతూ కుండను చల్లబరుస్తుంది. ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. కారులో అలా కాదు. లోపల ఆవిరియై వేడిని గ్రహించిన గ్యాసు, కండెన్సర్‌లో ఆ వేడిని విడిచి మరల ద్రవమౌతుంది. అది పెట్రోలు వలె ఖర్చయ్యే పదార్థం కాదు. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఉస్తాద్ గొట్టాల కీళ్ళను పరిశీలించగా, ఒకచోట దుమ్ము పట్టిన నూనె మరక కనిపించింది. సబ్బునీరు పూయగానే బుడగలు వచ్చాయి. అక్కడి ఓ-రింగ్ అనే రబ్బరు వలయాన్నీ, తేమను పీల్చే డ్రయ్యర్‌నూ మార్చి, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ తొలగించి, గ్యాసును తూచి నింపారు. కంప్రెసర్ పాతదే, నేటికీ తిరుగుతున్నది.

ఇందులో ఆకాశానికి సంబంధించిన విషయం కూడా వున్నది. మా కారు మొదట ఆర్-12 వాయువు కొరకు నిర్మితమైనది. ఆ వాయువులోని క్లోరిన్ ఓజోన్ పొరను హరిస్తుంది గనుక, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని అనుసరించి 2010 నాటికి మన దేశంలోనూ దాని వాడకానికి స్వస్తి చెప్పారు. తర్వాత మా కారును ఆర్-134ఏకు మార్పించాము. దీనిలో క్లోరిన్ లేదు; కాని భూగోళాన్ని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైనది. కారుతున్న గొట్టంలో మళ్ళీ మళ్ళీ గ్యాసు నింపడమంటే మన జేబుకూ, జగత్తుకూ కూడ చిల్లు పెట్టడమే.

నిదానమే ప్రధానమని మన సామెత. నిదానమంటే తొందరపడకపోవడమని మాత్రమే మనమెరుగుదుము. వైద్యశాస్త్రంలో ఆ మాటకు రోగకారణాన్ని నిర్ణయించడమని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకటేనని మాకు బోధించినవారు నూనె చేతుల ఆ ఉస్తాద్.