తడి గోడకి తొందర రంగు

కొత్త ప్లాస్టరింగ్ మీద రంగు వేయడం, తలంటుకున్న తడి జుట్టుని బిగించి జడ వేసేయడం లాంటిదేనండీ. పైకి బాగానే ఉంటుంది. లోపల ముక్క వాసన.

నాన్న పోయాక అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. రమ్మంటే "అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటానే" అంటుంది. అందుకే మేడ మీద ఆవిడకంటూ ఒక గది వేయించాం. శ్రావణంలో ప్లాస్టరింగ్ అయింది. దసరాకల్లా అత్తగారిని తీసుకొచ్చేయాలని మావారి హడావిడి. నేను అమ్మ దగ్గరకి వెళ్ళిన వారంలోనే, గోడలకి నీళ్ళు కొట్టడం ఆపి పదిహేను రోజులైనా కాకుండా, లప్పం, ప్రైమర్, లేత పసుపు రంగు అన్నీ వేయించేశారు.

ఇరవై రోజులకి గోడ తన సంగతి చెప్పింది. కిటికీ కింద బొబ్బలు. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి పెచ్చు చేతికొచ్చింది. ఉత్తరం గోడ మీద తెల్లటి పొడి.

"ఏం కాదమ్మా, గీకేసి ఇంకో కోటింగ్ వేసేస్తా, పండక్కి రెడీ" అన్నాడు పెయింటర్. నేను ఒప్పుకోలేదు. సిమెంటులో కలిపిన నీళ్ళు, తర్వాత కొట్టిన నీళ్ళు, అన్నీ ఆ గోడలోంచి బయటికి రావాలి కదా. వస్తూ వస్తూ లోపలి ఉప్పుని పైకి తెస్తాయి. దారికి అడ్డంగా రంగు పొర ఉంటే దాన్నే తోసేస్తాయి. మామూలు రోజుల్లోనే కనీసం 28 రోజులు ఆగమంటారు. వానాకాలంలో అదీ చాలదు.

మాటలతో ఎందుకని, పాలిథిన్ కవరు మూరెడు ముక్క కోసి, రంగు ఊడిన చోట నాలుగంచులా టేపుతో అంటించాను. మర్నాడు పొద్దున్న కవరు లోపలి వైపు నీటి బొట్లు! మావారిని పిలిచి చూపించాను. మళ్ళీ ఆయన పండగ ఊసెత్తలేదు.

అమ్మ మాత్రం "పోనీలే, రంగులయ్యాకే వస్తా" అంది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. దసరా కాస్తా సంక్రాంతి అవుతుంది, సంక్రాంతి ఉగాది అవుతుంది. "నువ్వు రాకపోతే ఆ గోడల్ని చూసుకునేదెవరు? నాకు తీరదు" అని చెప్పి తీసుకొచ్చేశాను. పిల్లల గదిలో పడక.

పని అప్పగిస్తే అమ్మ మొహమాటం ఏమైపోయిందో! పొద్దున్నే మేడెక్కి కిటికీలు తీయడం, చినుకు పడితే మూయడం, ఫ్యాన్ వేయడం. ముక్కుకి కొంగు చుట్టుకుని పొడి బ్రష్‌తో ఉప్పు దులపడం. పనమ్మాయి తడిగుడ్డ తెస్తే కసిరింది కూడా. నిజమే, నీళ్ళు తగిలితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఏటా సంక్రాంతికి సున్నం వేసిన చేతులవి, ఆవిడకి నేను చెప్పేదేముంది.

కార్తీకం వెళ్ళాక అంటించిన కవరు పొడిగా వచ్చింది. అప్పుడు పిలిచాం పెయింటర్‌ని. మెత్తబడిన లప్పం ప్లాస్టరింగ్ దాకా గీకించాం. సన్న పగుళ్ళని కొంచెం వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్ నింపాడు. సిమెంటు ఘాటుకి తట్టుకునే ప్రైమర్, పల్చగా రెండుసార్లు లప్పం, శాండ్ పేపర్, మళ్ళీ ప్రైమర్, ఆరాక రెండు కోట్లు ఎమల్షన్. రెండోసారి కూలీ, సామాను మా నెత్తినే పడ్డాయనుకోండి. మీ ఇంట్లో నెలలు గడిచినా ఒకే చోట చెమ్మ కనిపిస్తుంటే మాత్రం రంగు సంగతి తర్వాత, ముందు పైపు లీకు, బయటి గోడ పగుళ్ళు చూపించండి.

అమ్మ ఇప్పుడు మేడ మీద గదిలోనే ఉంటోంది. ఉత్తరం గోడ మూలలో ఇంకా కాస్త పొడి తేలుతోంది. అక్కడ రంగు వేయనివ్వలేదు. నాన్న ఫోటోకి మేకు కొడదామంటే, "ఆ గోడకే కొట్టాలి, ఎండాకాలం రానీ" అంది. అందాకా ఫోటో ఆవిడ ట్రంకుపెట్టె మీదే.