పిల్లి మొగము వాచినప్పుడు

మూగజీవులను పెంచువారికి దయ యుండవలెనని పెద్దలు చెప్పుదురు. దయతోపాటు కొంత తెలివియు నుండవలెనని మా యింటి గండుపిల్లి మాకు నేర్పినది. ఆ సంగతి తోడి విద్యార్థులకు కొంత యుపయోగపడునని యెంచి యిచట వ్రాయుచున్నాము.

గండుపిల్లులు రాత్రివేళ గోడలమీద పోట్లాడుట అందరు నెరిగినదే. మా పిల్లియు నొకనాటి రాత్రి అట్లే పోరాడి తెల్లవారుజామున ఇల్లు చేరినది. చెవిప్రక్క ఆవగింజంత గాటు తప్ప వేరు గాయము కానరాలేదు. మూడవనాటికి కుడి దవడ నిమ్మకాయంత వాచినది. ఆ ప్రక్క కన్ను మూతపడినది. పాలు ముట్టక, మంచముక్రింది చీకటిలో నక్కి, ఎంత పిలిచినను రాకయుండెను.

ఇంత చిన్న గాటునకు అంత వాపేల? పిల్లి కోరలు సూదులవలె సన్నములు. అవి చర్మమును గ్రుచ్చి కండలోనికి దిగునప్పుడు నోటిలోని సూక్ష్మజీవులును వానితో లోనికి పోవును. వానిలో ముఖ్యమైన దొకటి పాస్టరెల్లా. కోళ్ళ కలరాను పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు పేరే దానికి పెట్టిరి. పైచర్మము త్వరలోనే మూసికొనును. సూక్ష్మజీవులు లోపల చిక్కువడి వృద్ధిపొందును. రెండు మొదలు ఐదు దినములలో చీముగడ్డ ఏర్పడును. పైకి మానినట్లు కనబడు గాయమే లోపల కుళ్ళుచుండును.

పొరుగింటి అవ్వగారు పిల్లిని తాకి చూచి, "అయ్యో పాపము! ఒళ్ళు కాలిపోవుచున్నదే. జ్వరపు మాత్ర అరముక్క నూరి పాలలో పోయరాదటమ్మా?" అనిరి. మా యమ్మగారు, "డాక్టరుగారి నడిగి వేసెదము లెండి, పిన్నిగారూ" అని మెల్లగా త్రోసిపుచ్చిరి. పిల్లిని వెదురుగంపలో నుంచి, పైన గుడ్డ కట్టి, పశువైద్యశాలకు తీసికొనిపోతిమి.

పిల్లికి సహజమైన వేడిమి సుమారు 100.5 మొదలు 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు. మా పిల్లికి 104 దాటియుండెను. వైద్యుడు మత్తుమందిచ్చి, బొచ్చు గొరిగి, గడ్డను కోసి చీము వెడలించి, ఉప్పునీటితో కడిగెను. మిగిలిన చీము కారిపోవుటకై కోతను కుట్టక విడిచి, సూదిమందు వేసి, మాత్రలు వ్రాసి యిచ్చెను.

అవ్వగారి మాట చెప్పగా ఆయన ఉలికిపడెను. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాలును మన కాలేయము విరిచివేయును. పిల్లి కాలేయమున కా శక్తి మిక్కిలి తక్కువ. అందుచే ఆ మందు విషమై, రక్తము ప్రాణవాయువును మోయలేకుండ చేయును. చిగుళ్ళు కమిలి, మొగమును పాదములును వాచి, తుదకు ప్రాణము పోవచ్చును. మొగము వాచిన పిల్లికి మొగము వాపించు మందు వేయబోతిరే యని ఆయన అనగా మేము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి.

తరువాత పని మాది. అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, గోరువెచ్చగా దూదితో పూటపూటకు పుండు తుడిచితిమి. ఫినాయిలువంటి ఘాటైన మందులు పూయలేదు. పిల్లి తన యొడలు నాకుకొనును గాన అవి కడుపులోనికి పోయి విషమగును. వైద్యుడు చెప్పినన్ని దినములును మాత్రలు మానలేదు. పదియవనాటికి పుండు మానెను.

మొగము వాపులన్నియు కాటువలననే కలుగవు. కంటిక్రింద వాచినచో పంటి వేరు కుళ్ళి యుండవచ్చును. అందుచే ఊహించి మందు వేయరాదు. మొగము వాచి తిండి మానిన పిల్లిని ఆనాడే వైద్యునికి చూపవలెను. నొప్పితోనున్న పిల్లి పెంచినవారినైనను కరచును. అట్లు కరచినచో సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగికొని, పిచ్చికుక్కకాటు వ్యాధికి టీకా విషయమై వెంటనే ఆసుపత్రికి పోవలెను. కాటువలన పిల్లినుండి పిల్లికి సోకు వ్యాధినిరోధకశక్తిని చెరచు వైరస్సును 1986లో అమెరికాలో కనుగొనిరి. గండుపిల్లికి బీజములు తీయించినచో పోట్లాటలు చాలవరకు తగ్గును, మేమును తీయించితిమి.

సోదర విద్యార్థులారా! మూగజీవి తన బాధను చెప్పలేదు. మనమిచ్చు మందు తనకు విషమనియు చెప్పలేదు. కావున దానికేదైన నిచ్చుటకు ముందు తెలిసినవారి నడుగుట మన విధి.